జవాబు చెప్పేవారికి కొన్ని లెక్కలు

పెట్టె మీద 1 టెరాబైట్ అని రాసి ఉన్న హార్డ్ డిస్క్ కొనితెచ్చి విండోస్ కంప్యూటర్‌కు తగిలిస్తే 931 గిగాబైట్లే కనిపిస్తాయి. మిగతా 69 ఎక్కడికి పోయాయి? ఆన్‌లైన్ సాంకేతిక సహాయ వేదికల్లో ఏళ్ల తరబడి తిరిగి తిరిగి వస్తున్న ప్రశ్న ఇది. డబ్బు పెట్టి కొన్న వస్తువు కాబట్టి అడిగేవారి మాటలో అనుమానమూ ఉంటుంది, కోపమూ ఉంటుంది.

వచ్చే జవాబుల్లో కొన్ని ‘అది మామూలే, పట్టించుకోకండి’ అంటాయి. కొన్ని కంపెనీని తిడతాయి. ఎవరో ఒకరు మాత్రం కూర్చుని లెక్క కట్టి చూపిస్తారు. డిస్క్ తయారుచేసినవారి లెక్కలో 1 టెరాబైట్ అంటే లక్ష కోట్ల బైట్లు. డిస్క్‌లో అన్నీ ఉన్నాయి. విండోస్ మాత్రం ఒక గిగాబైట్‌ను 1,024ను మూడుసార్లు గుణిస్తే వచ్చే 107,37,41,824 బైట్లుగా లెక్కేస్తుంది. లక్ష కోట్లను దీనితో భాగిస్తే 931.3. పోయిందేమీ లేదు, రెండు చోట్లా కొలత వేరు, అంతే.

ఆ రాసినవారు ఇంకో రెండు వాక్యాలు చేర్చారనుకోండి: ‘డ్రైవ్ మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి, అక్కడ మొత్తం సామర్థ్యం బైట్లలో కూడా కనిపిస్తుంది. అది లక్ష కోట్లకు దగ్గరగా ఉంటే డిస్క్ బాగానే ఉన్నట్టు. 50 వేల కోట్లే ఉంటే డిస్క్‌లో సగం ఇంకో పార్టిషన్‌గా విడిగా ఉండిపోయిందేమో చూడాలి.’ ఇప్పుడు ఆ జవాబు విలువ మారిపోయింది. అడిగిన ఒక్కరికే కాదు, అదే ప్రశ్నతో తర్వాత వచ్చే ప్రతివారికీ తమ డిస్క్‌ను తామే పరీక్షించుకునే దారి దొరికింది. ఆన్‌లైన్‌లో సాయం చెయ్యడంలో ఉన్న అసలు తేడా ఇదే. ఇంట్లోనో ఆఫీసులోనో ఒకరి కంప్యూటర్ బాగుచేస్తే ఆ సాయం అక్కడితో అయిపోతుంది. బహిరంగంగా రాసిన జవాబు ఏళ్లపాటు అక్కడే ఉండి, మనకు ఎప్పటికీ పరిచయం కానివారికి పనికొస్తుంది. కాబట్టి అడిగినవారిని దృష్టిలో పెట్టుకుని రాస్తూనే, వారి వెనక వచ్చేవారి కోసం కూడా రాయాలి.

వెనక వచ్చేవారు ఎంతమంది? వెబ్ వాడకం మీద దశాబ్దాలుగా రాస్తున్న జేకబ్ నీల్సన్ 2006లో ఒక అంచనా సూత్రం చెప్పాడు. ఆన్‌లైన్ సమూహాల్లో ప్రతి 100 మందిలో 90 మంది చదివి వెళ్లిపోతారు, 9 మంది అప్పుడప్పుడు ఏదో రాస్తారు, ఒక్కరు మాత్రమే ఎక్కువ భాగం రాస్తారు. ఇది ప్రతి చోటా సరిగ్గా ఇంతే అని కాదు, పాళ్లు తెలియడానికి చెప్పిన మాట. ఆ 90 మందిలో మీరూ ఉండి ఉంటారు; ఎవరో రాసిన జవాబు చదివి పని కానిచ్చుకుని ఉంటారు. ఈ కథనం ఆ 90 నుంచి 9లోకి వెళ్లాలనుకునేవారి కోసం. దానికి కంప్యూటర్ శాస్త్రం మొత్తం తెలియనక్కర్లేదు. ఏదో ఒక చిన్న విషయం గట్టిగా తెలిసి, ఎదుటివారి తెర మీద ఏముందో ఓపికగా అడిగి తెలుసుకోగలిగితే మొదలుపెట్టవచ్చు.

1 నుంచి 50 దాకా

ఉదాహరణకు ఒక వేదికను తీసుకుందాం. ప్రోగ్రామర్ల కోసం జెఫ్ అట్‌వుడ్, జోయెల్ స్పోల్స్కీ 2008లో స్టాక్ ఓవర్‌ఫ్లో ప్రారంభించారు. అదే పద్ధతిలో మామూలు కంప్యూటర్ వాడకం సమస్యల కోసం 2009లో సూపర్ యూజర్, ఉబుంటు వాడేవారి కోసం 2010లో ఆస్క్ ఉబుంటు వచ్చాయి. వీటిలో ప్రతి సభ్యుడికీ ఒక పాయింట్ల ఖాతా ఉంటుంది. కొత్తవారు 1 పాయింటుతో మొదలవుతారు. మీ జవాబుకు ఒక అప్‌వోటు పడితే 10, అడిగినవారు అదే సరైన జవాబని ఒప్పుకుంటే 15. డౌన్‌వోటు పడితే 2 పోతాయి. వేరేవారి జవాబుకు మీరు డౌన్‌వోటు వేస్తే మీకూ 1 పోతుంది. అంటే తప్పని చెప్పడానికి కూడా చిన్న ఖరీదు పెట్టారు, ఊరికే విసిరేయకుండా. ఒక రోజులో ఓట్ల ద్వారా 200కు మించి రావు. రాత్రంతా మేలుకుని జవాబులు గుప్పించినా 20 అప్‌వోట్ల దగ్గర లెక్క ఆగిపోతుంది.

ఈ అంకెలు శాశ్వతం కావు. మంచి ప్రశ్నకు పడే అప్‌వోటుకు ఒకప్పుడు 5 పాయింట్లే ఇచ్చేవారు. 2019 నవంబర్‌లో దాన్నీ 10 చేశారు. ప్రశ్న అడగడం కూడా జవాబు చెప్పడమంత పనేనని ఒప్పుకున్న మార్పు అది. నాకు నచ్చిన మార్పు. మీరు చేరే రోజున అక్కడి సహాయ పేజీలో అంకెలు ఒకసారి సరిచూసుకోండి.

ఇందులో కొత్తవారిని తికమకపెట్టేది ఒకటుంది. ఈ వేదికలు నడిచిన తీరులో 1 పాయింటుతోనే జవాబు రాయవచ్చు. కానీ ఇతరుల ప్రశ్న కింద కామెంట్ పెట్టాలంటే 50 కావాలి. అప్‌వోటు వెయ్యాలంటే 15. అంటే ‘మీది ఏ మోడల్?’ అని అడిగే హక్కు రాకముందే ‘ఇలా చెయ్యండి’ అని చెప్పే హక్కు వచ్చేస్తుంది. తిరగేసి పెట్టినట్టు అనిపిస్తుంది. దాని వెనక కారణం ఉంది: కామెంట్లు చిన్నవి, 600 అక్షరాలకు మించవు, ఓట్లతో జల్లెడ పట్టడం కష్టం, ప్రకటనలవాళ్లు చొరబడటం సులువు. జవాబునైతే అందరూ చూసి ఓటు వేసి పైకో కిందికో జరపగలరు.

కారణం ఏదైనా కొత్తవారు ఇక్కడే చిక్కుకుంటారు. ప్రశ్న సగమే అర్థమవుతుంది, అడుగుదామంటే కామెంట్ పెట్టే వీలుండదు, దాంతో జవాబు రాసే చోటే ‘మీ విండోస్ వెర్షన్ ఏంటండీ?’ అని రాసేస్తారు. అది జవాబు కాదని పాతవాళ్లు తీసేస్తారు, ఒకటో రెండో డౌన్‌వోట్లు కూడా పడతాయి. సాయం చెయ్యడానికి వచ్చిన మనిషి మొదటి రోజే చిన్నబుచ్చుకుని వెళ్లిపోతారు. ఇలా పోగొట్టుకున్న మంచి సహాయకులు చాలామందే ఉంటారని నా అనుమానం.

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది, వివరాలన్నీ ముందే ఉన్న ప్రశ్నలనే మొదట్లో ఎంచుకోవడం. ఏ పరికరం, ఏ వెర్షన్, ఏం చేస్తే ఏం వచ్చింది, తెర మీద వచ్చిన సందేశం యథాతథంగా ఏమిటి, ఈ నాలుగూ ఉన్న ప్రశ్నకు జవాబు రాస్తే తిరిగి అడగాల్సిన అవసరమే రాదు. రెండోది, సవరణలు. ఎవరైనా రాసిన ప్రశ్నలో అక్షర దోషాలు దిద్ది, కలగాపులగంగా ఉన్న ఎర్రర్ సందేశాన్ని విడదీసి, శీర్షికను స్పష్టం చేసి పంపితే, పాత సభ్యులు చూసి ఒప్పుకుంటారు. ఒప్పుకున్న ప్రతి సవరణకూ 2 పాయింట్లు. 1 నుంచి మొదలై 7 సవరణలకు 15, 25 సవరణలకు 51. అదే జవాబుల దారిలో అయితే, అప్‌వోటుతో పాటు ఆమోదం కూడా పొందిన రెండు జవాబులు చాలు: 1+25+25, అదీ 51. పాయింట్ల సంగతి పక్కన పెట్టినా సవరణల దారినే నేను ముందు సిఫారసు చేస్తాను. ఇరవై ప్రశ్నలు శుభ్రం చేసేసరికి మంచి ప్రశ్న ఎలా ఉంటుందో, జనం ఏ వివరం మరిచిపోతారో చేతికి అలవాటవుతుంది. 2,000 పాయింట్లు దాటాక ఎవరి ఆమోదమూ లేకుండానే దిద్దవచ్చు. ఆ తర్వాత సవరణకు పాయింట్లు రావు. అప్పటికి ఆ పని ఊరికే చేసే అలవాటు వచ్చేసి ఉంటుందన్నది ఆ లెక్క.

ఇంకో చిన్న తలుపు కూడా ఉంది. మీకే ఒక సమస్య వచ్చి, రెండు రోజులు తంటాలు పడి పరిష్కరించుకున్నారనుకోండి. దాన్ని మీరే ప్రశ్నగా రాసి, మీరే కింద జవాబు రాయవచ్చు. ఇది నిబంధనలకు విరుద్ధం కాదు, ప్రోత్సహించే పనే. అలా రాసిన జవాబుకు 3 ఓట్లు వస్తే ‘సెల్ఫ్ లెర్నర్’ అనే పతకం కూడా ఇస్తారు. ఇక్కడ వివరాల కొరత ఉండదు, తెర మీదే కదా అన్నీ ఉన్నాయి.

చిన్న జాగా ఎంచుకోవడం

అన్ని ప్రశ్నలకూ జవాబు చెప్పాలని కూర్చుంటే దేనికీ గట్టిగా చెప్పలేరు. ఒక చిన్న విషయం పట్టుకోండి: ఇంటి వైఫై, ప్రింటర్లు, పెన్‌డ్రైవ్‌లు, ఎక్సెల్ సూత్రాలు, ఫోన్‌లో తెలుగు టైపింగ్, ఏదైనా సరే. చిన్న జాగాలో ఒక సౌకర్యం ఉంది. అక్కడ కొన్ని అంకెలు గుర్తుపెట్టుకుంటే సగం సమస్యలు వాటంతట అవే విడిపోతాయి.

ఇంటి వైఫైనే తీసుకోండి. ‘నెట్ రావడం లేదు’ అన్న ఒక్క ఫిర్యాదు వెనక కనీసం మూడు వేర్వేరు సమస్యలుంటాయి. కంప్యూటర్ ఐపీ అడ్రస్ చూడమనండి. అది 169.254తో మొదలైతే రౌటర్ దానికి అడ్రస్సే ఇవ్వలేదు. గత్యంతరం లేక కంప్యూటర్ తనకు తానే ఒకటి పెట్టుకుంది. ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేసి లాభం లేదు, సమస్య ఇంట్లోనే ఉంది. అడ్రస్ 192.168తో మొదలైతే సాధారణంగా అక్కడిదాకా బాగున్నట్టే. అప్పుడు 8.8.8.8కి పింగ్ చెయ్యమనండి. అది గూగుల్ నడిపే పబ్లిక్ డీఎన్‌ఎస్ సర్వర్ చిరునామా. అక్కడి నుంచి జవాబు వస్తూ, వెబ్‌సైట్లు మాత్రం పేరుతో తెరుచుకోకపోతే, లైను బాగుంది, పేర్లను అంకెలుగా మార్చే డీఎన్‌ఎస్ దగ్గర తేడా ఉంది. జవాబే రాకపోతే రౌటర్ అవతల చూడాలి. ‘ఫోన్‌లో వైఫై వస్తోంది, కొత్త ప్రింటర్‌కు మాత్రం ఆ పేరే కనిపించడం లేదు’ అంటే 2.4, 5 గిగాహెర్ట్జ్ తేడా గుర్తు రావాలి. చవక ప్రింటర్లు, స్మార్ట్ ప్లగ్గులు చాలావరకు 2.4నే పట్టుకుంటాయి. 5 వేగంగా ఉంటుంది, గోడలు దాటి దూరం పోలేదు. రౌటర్‌లో 2.4 ఆపేసి ఉంటే ఆ ప్రింటర్‌కు ఆ ఇంట్లో వైఫై లేనట్టే.

విండోస్ ఎర్రర్ కోడ్‌లు చూసి చాలామంది బెదిరిపోతారు. సున్నా, ఎక్స్ తర్వాత 80070070 అని కనిపిస్తే అదేదో రహస్య సంకేతంలా ఉంటుంది. విడదీసి చదివితే విషయం తేలిపోతుంది. 8007తో మొదలైతే, లోపల విండోస్‌లోని మామూలు ఎర్రర్ ఒకటి దాగుందని అర్థం. ఆ ఎర్రర్ నంబరు చివరి నాలుగు స్థానాల్లో, ఇక్కడ 0070గా ఉంది. ఇది 16 ఆధారంగా రాసిన అంకె, కాబట్టి 7×16, అంటే 112. విండోస్ పట్టికలో 112వ ఎర్రర్: డిస్క్ మీద చోటు చాలదు. అంతే! అప్‌డేట్ ఆగిపోయిందని కంగారు పడుతున్న మనిషికి కావలసింది డిస్క్‌లో చోటు ఖాళీ చేసుకోవడం. అదే విధంగా చివర 0005 ఉంటే అనుమతి లేదు, 0002 ఉంటే ఫైల్ దొరకలేదు. ఇలా కోడ్‌ను విప్పి చూపించిన జవాబు ఉత్త పరిష్కారం కంటే మేలు. చదివినవారు తర్వాతి కోడ్‌ను తామే విప్పుకుంటారు.

తిరిగి అడగడం

జవాబు రాసే ముందు సరిగా అడగడంలోనే నైపుణ్యం ఎక్కువ ఉందని నా అభిప్రాయం. 2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరం ఒకటి ప్రపంచమంతా వార్తల్లోకెక్కింది. ‘జ్ఞా’ అక్షరం మెసేజ్‌గా వస్తే ఐఫోన్‌లో ఆ యాప్ కూలిపోతోందన్నారు. నిజానికి తెలుగువారు ఐఫోన్లలో జ్ఞానం, విజ్ఞానం, జ్ఞాపకం రోజూ రాస్తూనే ఉన్నారు, ఏమీ కాలేదు. మరి తేడా ఎక్కడ? పరిశీలించినవారు ఆ అక్షరాన్ని విడదీశారు. అందులో 5 యూనికోడ్ సంకేతాలున్నాయి: జ, పొల్లు, ఞ, ఆపైన కంటికి కనిపించని ఒక విభజక సంకేతం, చివరగా దీర్ఘం. మామూలుగా మనం టైప్ చేసే జ్ఞాలో ఆ నాలుగోది ఉండదు. అది ఉంటేనే అక్షరాలు గీసే సాఫ్ట్‌వేర్ తడబడింది. బెంగాలీ, దేవనాగరిలోనూ ఇలాంటి కొన్ని కూర్పులకు అదే జరుగుతోందని తేలింది. ‘తెలుగు వస్తే ఫోన్ పోతుంది’ అన్న భయం కాస్తా ‘ఈ 5 సంకేతాలు ఈ వరుసలో వస్తే పోతుంది’ అన్న వాక్యంగా మారింది. ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేసింది.

సహాయకులు అడిగే ప్రశ్నలన్నిటి లక్ష్యం ఇలాంటి కుదింపే. ‘ఫోన్ హ్యాంగ్ అవుతోంది’ అన్నవారిని ‘ఎప్పుడు?’ అని అడగండి. ‘కెమెరా తెరిచినప్పుడు.’ ‘ప్రతిసారీనా?’ ‘వీడియోకి మార్చినప్పుడు మాత్రమే.’ ‘మెమరీ కార్డు తీసేసి చూశారా?’ ‘తీస్తే బాగానే ఉంది.’ నాలుగు మాటల్లో ఫోన్ నుంచి కార్డుకు దిగాం. ఒకేసారి పది ప్రశ్నలు వేస్తే అడిగినవారు రెండింటికే జవాబిచ్చి మిగతావి వదిలేస్తారు. ఒక్కొక్కటిగా, లేదా మహా అయితే రెండేసి అడగండి. అవును, కాదు అని తేలిపోయే ప్రశ్నల కంటే ‘తెర మీద ఏం కనిపిస్తోంది?’ అన్నది ఎక్కువ చెబుతుంది.

అడిగినది ఒకటి, అసలు కావలసింది ఇంకొకటి కావడం కూడా తరచూ జరుగుతుంది. ‘ఫైల్ పేరులో చివరి మూడక్షరాలు తీసుకోవడం ఎలా?’ అని అడుగుతారు. వారికి కావలసింది ఆ ఫైల్ ఏ రకమో తెలుసుకోవడం. కొన్ని ఫైళ్లకు ఎక్స్‌టెన్షన్ నాలుగక్షరాలుంటుంది, అప్పుడు చివరి మూడు తీసుకుంటే తప్పు వస్తుంది. అడిగిన దానికి సూటిగా జవాబిచ్చి, దాని కిందే ‘ఇది దేనికోసమో చెబితే ఇంకా తేలికైన దారి ఉండవచ్చు’ అని రాయడం మర్యాద. అసలు ప్రశ్నే తప్పని కొట్టిపారేస్తే ఆ మనిషి మళ్లీ రారు. 2001లో ఎరిక్ రేమండ్, రిక్ మోయెన్ ప్రశ్నలు తెలివిగా అడగడం గురించి ఒక పెద్ద మార్గదర్శి రాశారు. అందులో ఎక్కువ భాగం అడిగేవారికి చెప్పిన పాఠాలే, చివర్లో జవాబిచ్చేవారికి కూడా కొన్ని సూచనలున్నాయి. కొత్త సహాయకులు ఆ చివరి భాగం ముందు చదవాలి.

హెచ్చరిక ముందు, పని తర్వాత

పెన్‌డ్రైవ్‌లో 12 గిగాబైట్ల ఖాళీ ఉంది, 5 గిగాబైట్ల వీడియో మాత్రం ఎక్కడం లేదు. కారణం చాలావరకు ఫ్యాట్32 అనే, ఫైళ్లను అమర్చే పద్ధతి. ఆ పద్ధతి ఒక్కో ఫైల్ పరిమాణాన్ని 32 బిట్లలో రాసుకుంటుంది. అందులో పట్టే పెద్ద అంకె 429,49,67,295. అంటే విండోస్ లెక్కలో 4 గిగాబైట్లకు ఒక్క బైట్ తక్కువ. దానికి మించిన ఫైల్ ఎంత ఖాళీ ఉన్నా ఎక్కదు. పరిష్కారం ఎక్స్‌ఫ్యాట్‌కు ఫార్మాట్ చెయ్యడం.

ఈ చివరి వాక్యంలో ప్రమాదం ఉంది. ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నవన్నీ పోతాయి. చాలా జవాబుల్లో ఆ హెచ్చరిక చివర ఉంటుంది. ఆతృతలో ఉన్న మనిషి మొదటి వాక్యం చదవగానే ఆ పని చేసేస్తాడు, హెచ్చరిక దాకా చదవడు. పెళ్లి ఫొటోలు, పిల్లల చదువు కాగితాలు, ఏవి ఉన్నాయో మనకు తెలియదు. కాబట్టి చెరిపే పని ఏదైనా సరే, ముందు హెచ్చరిక, తర్వాత నకలు తీసుకునే విధానం, ఆ తర్వాతే అసలు పని. తిరిగి వెనక్కి రాగలిగే దారి ఉంటే దాన్ని మొదట చెప్పండి. రాలేని దారిని ఆఖరికి ఉంచండి. పాత టీవీలు కొన్ని ఎక్స్‌ఫ్యాట్ చదవలేవన్నది కూడా అక్కడే చెబితే, రేపు ‘టీవీలో కనిపించడం లేదు’ అని ఇంకో ప్రశ్న రాదు.

మీరు స్వయంగా చేసి చూడని పని రాయకండి. తప్పనిసరైతే ‘నా దగ్గర ఈ మోడల్ లేదు, తయారీదారు సూచనల్లో ఇలా ఉంది’ అని విడమరిచి చెప్పండి. వేరే పేజీకి లింకు మాత్రమే ఇచ్చి ఊరుకోకండి. ఆ పేజీ మూసేస్తే మీ జవాబు ఉత్తదైపోతుంది. అందులోని విషయం మీ మాటల్లో రాసి, లింకు కింద పెట్టండి.

భద్రత గురించి కొంచెం కఠినంగానే చెప్పాలి. సాయం కోరేవారు కంగారులో తెర ఫొటోలు యథాతథంగా పెట్టేస్తారు. వాటిలో ఫోన్ 15 అంకెల ఐఎంఈఐ నంబరు ఉండవచ్చు, విండోస్ 25 అక్షరాల ప్రాడక్ట్ కీ ఉండవచ్చు, 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ కూడా ఉండవచ్చు. అలాంటిది కంటపడితే మొదటి పని జవాబు రాయడం కాదు, ఆ బొమ్మ తీసెయ్యమని చెప్పడం, నిర్వాహకులకు తెలియజెయ్యడం. ‘నాకు విడిగా మెసేజ్ పెట్టండి, రిమోట్‌గా చూస్తాను’ అని ఎప్పుడూ అనకండి. మీ ఉద్దేశం మంచిదే అయినా మోసగాళ్లు వాడే మాట కూడా అదే. 2019 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంకు, ఎనీడెస్క్ అనే రిమోట్ యాప్‌ను అడ్డుపెట్టుకుని జరుగుతున్న యూపీఐ మోసాల మీద బ్యాంకులను హెచ్చరించింది. తప్పు యాప్‌ది కాదు. సహాయకుడి వేషంలో అవతల కూర్చున్నవాడిది. మీరు చెప్పేదంతా బహిరంగంగానే ఉంటే ఇంకో నలుగురు చూసి తప్పుంటే దిద్దుతారు. ఎవరైనా ఇప్పటికే డబ్బు పోగొట్టుకుని మీ దగ్గరకొస్తే, సెట్టింగులు చూసేముందు 1930కి వెంటనే ఫోన్ చెయ్యమనండి. అది దేశమంతటికీ ఉన్న సైబర్ మోసాల హెల్ప్‌లైన్. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

మరి కృత్రిమ మేధ ఉండగా మనుషుల జవాబులు ఇంకా ఎందుకు? 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ విడుదలైంది. వారం తిరగకముందే దానితో రాయించిన జవాబులను స్టాక్ ఓవర్‌ఫ్లో నిషేధించింది. ఆ జవాబులు చూడటానికి సరైనవిగానే ఉంటాయి, తప్పులు మాత్రం ఎక్కువ. నిమిషానికొకటి చొప్పున వచ్చిపడుతుంటే సరిచూసే మనుషులు చాలరు. ఇదీ వారు చెప్పిన కారణం. ఆ యంత్రాలు తర్వాత మెరుగయ్యాయి. అయినా మీ ప్రింటర్‌ను మీరు మూడుసార్లు ఆపి, తీసి, పెట్టి చూసిన అనుభవం వాటికి లేదు. అడిగినవారు కూడా యంత్రాన్ని అడిగి, పని జరగకే ఇక్కడికొచ్చి ఉండవచ్చు. మళ్లీ అదే జవాబు తెచ్చి అతికిస్తే వారి కాలం రెండోసారి వృథా చేసినట్టు.

మెప్పు రాని జవాబులు

అప్‌వోట్లు రాకపోతే నిరాశ సహజం. అయితే ఈ వేదికలను నడిపినవారు ఆ సంగతి ముందే ఆలోచించారు. స్టాక్ ఓవర్‌ఫ్లోలో ‘అన్‌సంగ్ హీరో’ అనే పతకం ఉంది. అడిగినవారు ఆమోదించారు, కానీ ఒక్క ఓటూ పడలేదు, అలాంటి జవాబులు 10కి మించి, మీ మొత్తంలో నాలుగో వంతు ఉంటే అది వస్తుంది. ఎవరికీ పట్టని అరుదైన ప్రింటర్ మోడల్, పాత స్కానర్ డ్రైవర్, ఒకే ఒక్కరికి వచ్చిన చిక్కు, వీటికి చెప్పిన జవాబులవి. నాకు అన్నిటికంటే గౌరవం ఉన్న పతకం అదే. ఇంకొకటి ‘నెక్రోమాన్సర్’: 60 రోజులు దాటిపోయిన ప్రశ్నకు జవాబు రాసి 5 ఓట్లు తెచ్చుకుంటే ఇస్తారు. పాత ప్రశ్నల్లో పోటీ లేదు. వెతుకుతూ వచ్చేవారు మాత్రం అక్కడికీ వస్తూనే ఉంటారు. కొత్త ప్రశ్న పడగానే ఐదుగురు పరుగెత్తుకొచ్చే చోట కంటే, జవాబు లేకుండా ఏడాదిగా పడి ఉన్న చోట మీ గంట ఎక్కువ పనిచేస్తుంది.

తెలుగులో అయితే ఈ పని ఇంకా మిగిలే ఉంది. 2003 డిసెంబర్‌లో మొదలైన తెలుగు వికీపీడియాలో రచ్చబండ, సహాయ కేంద్రం పేర్లతో అడిగే చోట్లు ఉన్నాయి. కొత్త రచయితల సందేహాలకు పాతవాళ్లు తెలుగులోనే జవాబు రాస్తారు. మొదలుపెట్టడానికి మంచి చోటు, ఎందుకంటే అక్కడ పాయింట్లు లేవు, మర్యాద ఉంది. తెలుగులో రాసేటప్పుడు ఒక జాగ్రత్త. అడిగినవారి ఫోన్ ఏ భాషలో ఉందో ముందు కనుక్కోండి. తెలుగులో పెట్టుకున్న ఆండ్రాయిడ్ ఫోన్‌లో ‘సెట్టింగ్‌లు’ అని ఉంటుంది, ఇంగ్లిష్‌లో ఉంటే ‘సెట్టింగ్స్’. మెనూ పేర్లను మనం అందంగా అనువదించి రాస్తే అవతలివారికి ఆ పేరు తెర మీద దొరకదు. తెర మీద ఎలా ఉందో అలాగే రాసి, పక్కన గుర్తు కూడా చెప్పండి: పళ్ల చక్రం, మూడు చుక్కలు, మూడు అడ్డగీతలు. పెద్దవారికి పేరు కంటే గుర్తే తొందరగా కనిపిస్తుంది.

జవాబు రాశాక మరిచిపోకండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. దాని మెనూల ప్రకారం రాసిన జవాబులు చాలావాటిని జనం ఇప్పటికీ చదువుతున్నారు, విండోస్ 11లో ఆ మెట్లు కొన్ని చోటు మారాయి. అందుకని జవాబు మొదటి వరుసలోనే ఏ వెర్షన్‌లో, ఏ నెలలో చేసి చూశారో రాసిపెట్టుకోండి. ఏడాదికొకసారి మీ పాత జవాబులు తెరిచి, పనిచెయ్యనివాటిని దిద్దండి, దిద్దలేనివాటి మీద ‘ఇది పాత వెర్షన్‌కు మాత్రమే’ అని రాయండి. మీకంటే మంచి జవాబు ఎవరైనా కింద రాసి ఉంటే మీ దాంట్లోంచే దానికి దారి చూపించండి.